పాలివారు, పరిచర్య: హైదరాబాదు ఉత్తర మార్గములలో సంఘముల పరస్పర సహకారము

సికిందరాబాదునుండి ఉత్తరముగా రెండు పెద్దబాటలు పోవును. ఒకటి మేడ్చల్ మీదుగా తూప్రాను, రామాయంపేట, కామారెడ్డి, డిచ్‌పల్లి దిక్కునకు సాగును. రెండవది శామీర్‌పేట మీదుగా సిద్దిపేట, కరీంనగరముల దిక్కునకు సాగును. మొదటి బాటకు తోడుగా 1900 ప్రాంతమున గోదావరి లోయ రైలుమార్గము కూడ పడినది. దండులును, ధాన్యపు బండ్లును, యాత్రికులును నడచిన ఈ దారులనే సముద్రము దాటివచ్చిన క్రైస్తవ ప్రచారకులును నడచిరి. ఇంగ్లండునకు చెందిన వెస్లియను మెథడిస్టు మిషను 1879 ప్రాంతమున సికిందరాబాదున నిలదొక్కుకొని, తరువాతి దశాబ్దమున ఒకవైపు మెదకునకును, మరొకవైపు కరీంనగరమునకును విస్తరించెను. మేడ్చల్, శామీర్‌పేటలు ఆ చరిత్రలో గొప్ప కేంద్రములు కావు. అవి దారిలోని మజిలీలు. కాని దారిని తెలియక దాని చివరనున్న ఊరిని తెలియుట కష్టము.

ఒక దేశపు సంఘము మరొక దేశపు సంఘముతో చేయి కలిపి కరువునందును, రోగమునందును, తుపానునందును ప్రజలకు తోడ్పడిన సందర్భములు తెలుగుదేశమున అనేకములు కలవు. వానిని గూర్చి వ్రాయువారు సామాన్యముగా రెండు మార్గములలో ఏదో యొకటి పట్టుదురు. కొందరు దూరదేశపు దాతల ఔదార్యమును మాత్రమే వర్ణింతురు. కొందరు ఆ దానమునకు వెనుకనున్న మతవ్యాప్తి సంకల్పమును మాత్రమే చూతురు. ఈ రెండు దృష్టులలోను ఇచ్చినవాడే కథానాయకుడు, పుచ్చుకొన్నవానికి నోరులేదు. ఈ వ్యాసమున మరొక ప్రశ్న వేసికొందము: అట్టి సహకారములో స్థానికులకు దక్కిన పాలు ఏమి? ఏ పని దాత వెడలిన పిమ్మటను నిలిచినది, ఏది నిలువలేదు?

మాటల పరిశీలన

ఈ ప్రశ్నకు మన భాషయే కొంత వెలుగు చూపగలదు. తెలుగు క్రైస్తవ వాఙ్మయమున ఈ విషయమునకు సంబంధించి మూడు మాటలు ముఖ్యములు: సహాయము, పరిచర్య, పాలు. ఆదిమ సంఘ చరిత్రలో, యూదయలో కరవు వచ్చునని విని అంతియొకయ సంఘమువారు అక్కడి సహోదరులకు ధనము పంపిరి. తరువాత మాసిదోనియ, అకయ ప్రాంతపు సంఘములు యెరూషలేములోని బీదలకు చందా ప్రోగుచేసి పంపినవి. సరిహద్దు దాటిన సంఘ సహాయమునకు ఇవియే మూలోదాహరణములు. తెలుగు బైబిలు ఈ ఘట్టములయందు సహాయము, పరిచర్య అను మాటలను వాడుటయే గాక, పాలుపొందుట అను మాటను కూడ వాడినది. అన్యత్ర ‘పాలివారు’ అను రూపము కూడ కనబడును.

పరిచర్య అను సంస్కృత శబ్దము మన ప్రాచీన వాఙ్మయమున గురువునకును, అతిథికిని, రోగికిని దగ్గరనుండి చేయు శుశ్రూషకు వాడబడినది. దూరమునుండి ధనము పంపుట పరిచర్య కాదు, చేయి తాకవలెను. పాలు అనునది అచ్చ తెలుగు మాట. పంటలో పాలు, ఆస్తిలో పాలు అనునప్పుడు దానికి భాగమని యర్థము. పాలివాడనగా ఆస్తిలో హక్కుగల జ్ఞాతి. పాలికాపు అనగా పరుల చేనిలో సేద్యము చేయువాడు. ఒకే పాలు ఒకవైపు హక్కుదారును, మరొకవైపు పనివానిని చూపుచున్నది. అంతేగాక జ్ఞాతిని చెప్పు ‘దాయ’ శబ్దమునకు శత్రువను అర్థము కూడ కలదు. పాలుగలవాడు లెక్క అడుగగలడు, తగవుపడగలడు. ఆ హక్కు లేనివాడు ఎంత సన్నిహితుడైనను పాలివాడు కాడు.

ఈనాడు వ్యాపార వ్యవహారమునుండి వచ్చిన ‘భాగస్వామ్యము’ అను మాట సంఘముల నివేదికలలో విరివిగా వాడబడుచున్నది. ఆ మాట క్రింద నున్నది పాలివానితనమా, పాలికాపుతనమా అను విచారణ ప్రతి సందర్భమునందును అవసరము. ఈ గీటురాయితో కొన్ని చరిత్రఘట్టములను పరిశీలింతము.

కరవు పనులు

హైదరాబాదు సంస్థానమున జరిగినదానిని గ్రహించుటకు ముందు ఒకసారి తీరాంధ్రమును చూడవలసియున్నది. ఏలయన మిషనుల కరవు పనులకు ప్రసిద్ధమైన తొలి నిదర్శనము ఒంగోలు ప్రాంతముననే కలదు. అమెరికన్ బాప్టిస్టు మిషనుకు చెందిన జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలున స్థిరపడెను. మిషనులో చేరకముందు అతడు భూములు కొలుచు పని నేర్చినవాడు. 1876–78 నాటి మహాకరవున ఆ విద్య అక్కరకు వచ్చెను. ప్రభుత్వము కరవు పనిగా త్రవ్వించుచున్న బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల భాగమును అతడు గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి పనియు కూలియు కల్పించెను. కూలివారి గుంపులపై పర్యవేక్షకులుగా ఉన్నవారు తెలుగు బోధకులే.

ఈ వృత్తాంతమున రెండు విషయములు గమనింపదగినవి. మొదటిది: కరవు సాగుచున్నంత కాలము క్లౌ బాప్తిస్మములను నిలిపివేసెను. అన్నముకొరకు మతము మారినారను మాట రాకుండుటయే అందులకు కారణము. సహాయము తగ్గిన పిమ్మట, 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లివద్ద ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. కరవు మేలు వారి మనస్సులపై పనిచేయలేదని చెప్పలేము. కాని అన్నమునకును దీక్షకును నడుమ ఎడము ఉండవలెనను వివేకము ఆనాడే పుట్టెనని చెప్పవచ్చును. రెండవది: ఈ ఉద్యమమునకు మొదలు కరవు కాదు. మాదిగ కులమున జన్మించిన యెర్రగుంట్ల పేరయ్య 1866లోనే బాప్తిస్మము పొంది, తనవారి నడుమ ఊరూర తిరిగి బోధించెను. పేరయ్యవంటివారు వేసిన బాట లేనిచో, కాలువ గట్టుమీది పరిచయము ఇంతటి ఫలితమునకు దారితీసియుండదు. మిషను నివేదికలలో క్లౌ పేరు పెద్దది. గ్రామములలో పని పేరయ్యది.

ఇక మేడ్చల్ బాటలోనికి వత్తము. చార్లెస్ వాకర్ పాస్నెట్టు 1895లో సికిందరాబాదునకు వచ్చి, కొలది కాలమునకే మెదకునకు చేరెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున ఆ ప్రాంతము కరవుచేత పీడితమైనప్పుడు, ఊరక అన్నము పంచుటకు మారుగా ఒక మహామందిర నిర్మాణమునకు అతడు పూనుకొనెను. 1914లో మొదలైన పని పదేండ్లు సాగి, 1924 డిసెంబరు 25న మందిరము ప్రతిష్ఠింపబడెను. దాని పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురపు ఎత్తు 175 అడుగులు. నిర్మాణపు నమూనా ఇంగ్లండులోని బ్రాడ్‌షా గాస్ అండ్ హోప్ అను సంస్థది; తరువాత అమర్చిన రంగుటద్దముల కిటికీల రూపకల్పన ఫ్రాంక్ సాలిస్‌బరీది; రాతిపనియు మట్టిపనియు మెదకు పల్లెలవారివి.

కరవునాడు చెరువులు త్రవ్వించుట మనకు క్రొత్త కాదు. శామీర్‌పేట చెరువు మొదలుకొని తెలంగాణమున నీటివనరు చుట్టును బ్రతుకు అల్లుకొన్న ఊళ్లెన్నో కలవు. కావున మెదకు మందిరమును చూచువారికి ఒక సందేహము కలుగును: ఆ కూలితో చెరువు త్రవ్వించిన మేలు కాదా? ఈ ప్రశ్న న్యాయమైనది. కాని ఊరి బయటి గుడిసెలలో బ్రతికినవారు, గుడి గడపను దాటనీయబడనివారు, తమ చేతులతో కట్టిన మందిరమున నడుమ కూర్చుండగలిగిరను సంగతిని కూడ లెక్కకు తీసికొనవలెను. కూలి ఒక్కనాటిది, కూర్చుండు హక్కు తరతరములది. పాలు అను మాటకు ఇచ్చట నిజమైన యర్థము సిద్ధించినది.

డిచ్‌పల్లి వైద్యాలయము

అదే బాటలో మరింత ఉత్తరమున డిచ్‌పల్లి కలదు. స్కాట్లండు దేశీయురాలు, అబర్డీను విశ్వవిద్యాలయమున వైద్యము చదివిన ఇసబెల్ కెర్ర్, మిషనరీయైన భర్త జార్జి కెర్ర్‌తో 1907లో ఈ దేశమునకు వచ్చెను. కుష్ఠురోగుల దుర్దశను చూచి 1911లో నిజామాబాదున వారికొరకు వైద్యకేంద్రము ఆరంభించెను. అది చాలకపోగా 1915లో డిచ్‌పల్లియందు ఆశ్రమము వెలసెను. 1923లో ఆమెకు కైసరె హింద్ పతకము లభించెను.

ఈ సంస్థకు ఎన్ని చేతులు తోడైనవో గమనింపుడు. పనివారిని పంపినది ఇంగ్లండులోని మెథడిస్టు సంఘము. కుష్ఠురోగుల సేవకై 1874లో ఐర్లండున పుట్టిన ప్రత్యేక సమాజము మరొక ఆధారము. భూరివిరాళమిచ్చి ఆశ్రమ నిర్మాణమునకు ఊతమిచ్చినవాడు హిందువగు రాజా నర్సాగౌడు. అప్పటి చికిత్సయగు చాల్‌మూగ్రా జాతి తైలపు సూదిమందు విధానమును మెరుగుపరచినవారిలో కలకత్తా ఉష్ణమండల వైద్య విద్యాలయమున పనిచేసిన ఎర్నెస్టు మ్యూర్ ముఖ్యుడు. కావున డిచ్‌పల్లిని ఒక దేశపు దానముగాని, ఒక మతపు సొత్తుగాని అనుట చరిత్రకు సరిపడదు. దాతలలో స్థానికుడొకడు ఉండుటచేత ఆ సంస్థ ఊరిదియు అయినది.

ఆ తైలపు మందు తరువాత తెరమరుగయ్యెను. రెండవ ప్రపంచయుద్ధము తరువాత డాప్సోను మాత్రలు వచ్చినవి; 1981లో ప్రపంచ ఆరోగ్యసంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసెను; 2005 చివరకు మన దేశమున జాతీయస్థాయిలో ఈ రోగము పదివేలమందికి ఒకటికంటె తక్కువకు దిగెను. ఆశ్రమములు మొదలుపెట్టిన పనిని ప్రభుత్వ వైద్యశాఖ అందుకొన్నది. సహకారము సఫలమైనదనుటకు తన అవసరమును తానే తగ్గించుకొనుటకంటె వేరు నిదర్శనము అక్కరలేదు.

దూరపు ధనము, దగ్గరి పిడికిలి

దూరదేశపు ధనమునకు గల బలహీనతను నల్లగొండ చరిత్ర తెల్పును. రష్యా సామ్రాజ్యమున, నేటి ఉక్రెయిను ప్రాంతమున నివసించిన మెన్నొనైటు సోదరసంఘమువారు అబ్రహాం ఫ్రీజెను అను మిషనరీని 1889లో పంపిరి. అతడు అమెరికన్ బాప్టిస్టు మిషనుతో ఒడంబడికపై 1890లో నల్లగొండన పని ఆరంభించెను. రష్యా ధనము, అమెరికా వ్యవస్థ, తెలుగు పల్లె, నిజాం రాజ్యము: నాలుగు సరిహద్దులు ఒక్కచోట కలిసినవి. మొదటి ప్రపంచయుద్ధమును, 1917 నాటి విప్లవమును రాగా ఆ దేశమునుండి వచ్చు సాయము ఆగిపోయెను. నల్లగొండ రైతు చేయని తప్పునకు, ఎన్నడును చూడని దేశములోని విప్లవము అతని ఊరి బడిని తాకినది. దూరపు సాయమునందు ఈ ప్రమాదము స్వభావసిద్ధము.

దీనికి ప్రతిగా దోర్నకల్లు చరిత్రను నిలుపవచ్చును. తిరునల్వేలి క్రైస్తవులు 1903లో తమ సొంత చందాలతో ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించి, నిజాం రాజ్యములోని దోర్నకల్లునకు తమవారిని పంపిరి. సరిహద్దు అనగా సముద్రమే కానక్కరలేదు. తమిళునకు తెలుగు నేర్చుటయు సరిహద్దు దాటుటయే. ఆ సొసైటీ స్థాపకులలో ముఖ్యుడగు వేదనాయకం సామ్యూల్ అజరయ్య తానును అచ్చటికి వచ్చి తెలుగు నేర్చి, 1912 డిసెంబరు 29న ఆంగ్లికను సంఘమున తొలి భారతీయ బిషప్పుగా అభిషిక్తుడయ్యెను. అంతకుముందు 1910లో ఎడింబరోన జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో అతడు చేసిన ప్రసంగము ప్రసిద్ధము. విదేశీయులు చేసిన త్యాగములకు కృతజ్ఞత చెప్పుచునే, తమకు దాతలకంటె స్నేహితులు కావలెనని అతడు నిర్మొగమాటముగా కోరెను. తెలుగు మాటలో చెప్పినచో, అతడు అడిగినది సహాయము కాదు, పాలు.

అడుగుటతో అతడు ఆగలేదు. బీదసంఘమైనను ఇచ్చుట నేర్వవలెనని బోధించెను. ఇల్లాలు వంటకు బియ్యము కొలుచునపుడు ఒక పిడికెడు తీసి సంఘముకొరకు వేరు కుండలో వేయు ఆచారము తెలుగు సంఘములలో వ్యాపించినది. పిడికెడు బియ్యము, కోత పండుగ కానుకలు అను ఈ రెండును చూచుటకు స్వల్పములు. కాని విప్లవము వచ్చినను, మారకపు రేటు పడినను ఆ కుండ ఆగదు. పైగా కుండలో బియ్యము వేసిన స్త్రీకి సంఘపు లెక్క అడుగు అర్హత కలుగును.

స్వాతంత్ర్యానంతరము

1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికను, మెథడిస్టు, దక్షిణభారత ఐక్యసంఘముల కలయికచే దక్షిణ ఇండియా సంఘము ఏర్పడెను. మిషను పేర కొనసాగిన మెదకు ప్రాంతము ఈ దేశపు సంఘములోని అధ్యక్షఖండమయ్యెను. 1962లో తెలుగు బాప్టిస్టు సంఘముల సమావేశము ఏర్పడి అమెరికన్ మిషను బాధ్యతలను స్వీకరించెను. విదేశములనుండి వచ్చు నిర్ణయములు ఇచ్చటి సభలలో జరుగనారంభించినవి.

సహాయకార్యములును మారినవి. దేశవిభజన కాందిశీకుల సేవకై 1947లో జాతీయ క్రైస్తవ మండలి ఆధ్వర్యమున పుట్టిన ‘కాసా’ వంటి సంస్థలు పలు దేశముల సంఘములు పంపు సాయమును ఒక్కచోట చేర్చి పంచు పద్ధతిని నెలకొల్పినవి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో సుమారు పదివేలమంది మరణించినప్పుడు ఇట్టి సంస్థలు ప్రభుత్వముతోను, ఇతర సేవాసమాజములతోను కలిసి పనిచేసినవి. తుపానునాడు ఒక్కొక్క మిషను ఒక్కొక్క ఊరిని తనదనుకొను కాలము అంతటితో పోయినది. 1994లో రెడ్‌క్రాసు ఉద్యమముతోపాటు ప్రపంచ సంఘ మండలి, లూథరను ప్రపంచ సమాఖ్య, కారితాస్ మొదలైనవి ఆమోదించిన విపత్సహాయ నియమావళి, సహాయమును ఏ మతదృక్పథవ్యాప్తికిని సాధనముగా చేయరాదని స్పష్టముగా నిర్దేశించెను. కాలువగట్టున క్లౌ పాటించిన ఎడము నూటపదునారేండ్లకు లిఖితనియమమయ్యెను.

ధనప్రవాహమునకు రాజ్యము విధించిన నియమములును ఈ చరిత్రలో భాగములే. విదేశీ విరాళముల నియంత్రణ శాసనము 1976లో వచ్చెను. దాని స్థానమున 2010 నాటి శాసనము 2011 మే 1నుండి అమలయ్యెను. 2020 నాటి సవరణచే విదేశీ విరాళమును ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధానశాఖయందే పుచ్చుకొనవలెను. పాలనావ్యయము 50 శాతమునుండి 20 శాతమునకు తగ్గింపబడెను. ఒక సంస్థ పుచ్చుకొన్న విరాళమును మరొక సంస్థకు బదలాయించుట నిషిద్ధమయ్యెను. పారదర్శకతకొరకని ప్రభుత్వము చెప్పినది; చిన్నసంస్థలకు శ్వాస ఆడదని సేవాసంస్థలు వాదించినవి. వాదము ఎట్లున్నను ఫలితము ఒకటి స్పష్టము: పెద్దసంస్థ పుచ్చుకొని పల్లెలోని చిన్నసంస్థకు అందించు నడిమి మెట్టు తొలగినది. పిడికెడు బియ్యపు కుండ లేని చిన్నసంఘమునకు ఇది కఠినపరీక్ష.

నేటి మేడ్చల్, శామీర్‌పేటలు

2016 అక్టోబరులో రంగారెడ్డి జిల్లానుండి మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా ఏర్పడెను. మజిలీలుగా ఉన్న ఊళ్లు నేడు నగరపు అంచులు. శామీర్‌పేట పరిసరములలోని జీనోమ్ వ్యాలీలో తయారగు టీకాలు పలు దేశములకు పోవుచున్నవి. నూరేండ్లక్రిందట ఏ బాటలో పరదేశపు వైద్యురాలు సాగిపోయెనో, ఆ పరిసరములనుండియే నేడు మందు పరదేశములకు సాగుచున్నది. ఇచ్చువాడు, పుచ్చుకొనువాడు అను భేదము శాశ్వతము కాదనుటకు ఇంతకంటె నిదర్శనమేల? కర్మాగారములకును కట్టడములకును ఒడిశా, బీహారు, జార్ఖండు రాష్ట్రములనుండి కూలివారు వచ్చియున్నారు. 2020 మే నెలలో మేడ్చల్ బాటపై వందలమైళ్ల దూరమునకు కాలినడకన బయలుదేరినవారు వారే. నాడు బాటప్రక్కన అన్నము, నీరు, చెప్పులు అందించినవారు నానామతముల సామాన్యులు. సరిహద్దు ఈనాడు ఊరి నడుమకే వచ్చినది. దానిని దాటుటకు ఓడ అక్కరలేదు, ఒరియాయో హిందీయో నాలుగు మాటలు చాలును.

పై ఘట్టములను కలిపి చూచినచో ఒక్క సంగతి తేలును. కాలువ గట్టున తెలుగు బోధకులు, మెదకులో కూలివారు, డిచ్‌పల్లిలో స్థానిక దాత, దోర్నకల్లులో పిడికెడు బియ్యము: పని నిలిచినచోటనెల్ల స్థానికుని పాలు కలదు. ధనమొక్కటే సరిహద్దు దాటినచోట ధనముతోపాటు పనియు ఆగినది. ఈ నిర్ణయమును సరిచూచుటకు పరిశోధక విద్యార్థులకు విస్తారమైన క్షేత్రము కలదు. ఇంతవరకు మనము ఎక్కువగా చదివినవి విదేశములకు పంపబడిన ఆంగ్లనివేదికలు. అవి దాతకు చెప్పిన లెక్కలు. సంఘముల తెలుగు మినిట్సు పుస్తకములు, బాప్తిస్మ పట్టికలు, కోత పండుగ కానుకల చిట్టాలు, భజన పాటలు, మెదకు రాతిపనివారి వంశములలో నేటికిని చెప్పుకొను మాటలు ప్రోగుచేయవలసియున్నవి. చిట్టాలు చెదలు పట్టకముందే, ముసలివారి జ్ఞాపకములు చెదరకముందే ఆ పని జరుగవలెను. అప్పుడే పేరయ్యలకును, పేరైనను మిగులని పిడికెడు బియ్యపు ఇల్లాండ్రకును ఈ చరిత్రలో రావలసిన పాలు దక్కును.